ఫ్యూజు చిన్నది, కాపలా పెద్దది

కోనసీమలో అంబాజీపేట, అమలాపురం వైపు కొబ్బరి పీచు మిల్లులు ఉన్నాయి. వాటిలో చాలామంది ఆడవాళ్లు పని చేస్తున్నారు. కొబ్బరి డొక్కలు మిషనులో వేస్తారు. పీచు తీస్తారు. ఎండబెడతారు. మిల్లు నిండా ఎండు పీచు, పొట్టు ఉంటాయి. నిప్పురవ్వ పడితే ఇట్టే అంటుకుంటాయి. అందుకే ఇలాంటి చోట ఫ్యూజు సంగతి అందరికీ తెలియాలి.

ఫ్యూజు ఏం చేస్తుంది?

పంట బోదె సంగతి మీకు తెలిసిందే. బోదె పట్టేదానికంటే ఎక్కువ నీరు వదిలితే గట్టు తెగుతుంది. వైరూ అంతే. ఎక్కువ కరెంటు పారితే వేడెక్కుతుంది. పై తొడుగు కరుగుతుంది. మంట పుడుతుంది.

ఫ్యూజులో సన్నటి తీగ ఉంటుంది. కరెంటు ఎక్కువైతే ముందు అదే కరిగి తెగుతుంది. కరెంటు ఆగిపోతుంది. వైరు కాలకుండా మిగులుతుంది.

"మాటిమాటికీ ఫ్యూజు పోతోంది. లావు తీగ చుట్టు తమ్ముడూ" అంటారు కొందరు. అది బోదెను వెడల్పు చెయ్యకుండా తూము పెద్దది చేసినట్టే. ఈసారి ఫ్యూజు పోదు, వైరే కాలుతుంది. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తప్పు ఉందన్నమాట. ముందు ఆ తప్పు వెతకాలి.

ఎంతది పెట్టాలి?

రెండు లెక్కలు చూడాలి. మోటారు తీసుకునే కరెంటు కంటే ఫ్యూజు ఎక్కువది ఉండాలి. వైరు మోసే కరెంటు కంటే మాత్రం ఎక్కువది ఉండకూడదు.

5 హార్స్ పవర్ల మూడు ఫేజుల మోటారు నడిచేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యేటప్పుడు మాత్రం కొద్ది సెకన్లు దానికి ఆరు రెట్ల దాకా లాగుతుంది. ఆ కాసేపటికే పడిపోని బ్రేకరు కావాలి. బ్రేకరు మీద ఇంగ్లీషులో 'సి 16' అని ఉంటే, అది 16 ఆంపియర్లది, మోటార్లకు పనికొచ్చే 'సి' రకానిది అని అర్థం. దీపాలకు 'బి' రకం చాలు.

ఫ్యూజా, బ్రేకరా?

ఫ్యూజు చవక. కాని మూడు ఫేజుల మోటారుకి మూడు ఫ్యూజులు ఉంటాయి. ఒక్కటే పోతే మోటారు మిగతా రెండు ఫేజుల మీదే నడుస్తుంది. వేడెక్కి కాలిపోతుంది. మూడు ఫేజుల బ్రేకరు అయితే మూడింటినీ ఒక్కసారే తెంపుతుంది. తీగ చుట్టే పని లేదు. తప్పు సరిచేశాక మీట పైకి ఎత్తితే చాలు. అందుకే చిన్న మిల్లుకి బ్రేకరే మేలు.

ఇంకో మాట. మనిషికి తగిలే షాకుని ఇవి ఆపలేవు. ప్రాణం తీయడానికి చాలా కొద్ది కరెంటు చాలు. మనిషి కోసం ఎర్తు తీగ ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు కూడా ఉండాలి.

కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టడం ఎలక్ట్రీషియను పని. దాని మీద అంకె చదవడం మాత్రం అందరి పనీ. "ఈ వైరు ఎన్ని ఆంపియర్లు మోస్తుంది? ఈ బ్రేకరు ఎంతది?" అని అడగండి. బ్రేకరు అంకె పెద్దదైతే వెంటనే మార్పించండి.