తెర ఎక్కడ ఆగిందో చూడాలి

గోదావరిఖనిలో తలుపులు మూసినా బొగ్గు దుమ్ము ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. మా పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఒక ఉదయం తయారీ కంపెనీ గుర్తు చూపి, అక్కడే నిలిచిపోయింది. గని కార్మికుడిగా బ్రతికి కాలం చేసిన అబ్బాజాన్ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ చేయమని కొందరు సలహా ఇచ్చారు. చేస్తే ఫోటోలు పోతాయని మేము ఒప్పుకోలేదు.

ఏ దశలో ఆగిందో ముందు గమనించాలి. గుర్తు దగ్గరే ఆగితే మొదట ర్యామ్‌ను, తగిలించిన పరికరాలను పరీక్షించాలి. విండోస్ చుక్కలు తిరుగుతూ ఆగితే హార్డ్ డిస్కునో, డ్రైవరునో అనుమానించాలి.

మేము ప్లగ్గు తీసి, ప్రింటరు, పెన్‌డ్రైవు తొలగించాము. ఫ్యాను తిరగకుండా పట్టుకొని మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపాము. ర్యామ్ అంచులను పెన్సిలు రబ్బరుతో తుడిచి తిరిగి బిగించాము. కంప్యూటరు కొన్నాళ్లుగా తేదీ మరచిపోతున్నందున 3 వోల్టుల సీఆర్ 2032 బ్యాటరీ కూడా మార్చాము. పవర్ సప్లైని మాత్రం విప్పరాదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

కంప్యూటరు తెరుచుకోగానే ఫోటోలన్నిటినీ మరో డిస్కుకు ఎక్కించాము. హార్డ్ డిస్కు టకటకమంటుంటే పదే పదే ఆన్ చేయకుండా, తెలిసినవారి చేత ముందు ఫోటోలు బయటకు తీయించాలి. కంప్యూటరు బాగున్నప్పుడే రెండో ప్రతి తీసి పెట్టుకోవడం అంతకన్నా మేలు.