చూపు లేకున్నా చదరంగం

చూపు పోయిన వారికి ఇంట్లో అందరూ వేళకు అన్నం, మందులు ఇస్తారు. ఆటకు మాత్రం పిలవరు. ఇది సరికాదు.

ఆండ్రాయిడ్ ఫోనులోని టాక్‌బ్యాక్, కంప్యూటరుకు ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ తెరమీది అక్షరాలను చదివి వినిపిస్తాయి. కానీ పేరు రాసిపెట్టని బొమ్మలు వాటికి సరిగా అందవు. చాలా ఆటల్లో బల్ల, పావులు వట్టి బొమ్మలే. అందుకే అక్కడ ఫోను మూగబోతుంది.

లిచెస్ అనే ఉచిత వెబ్‌సైటులో అంధుల కోసం వేరే పద్ధతి ఉంది. అవతలివారి ఎత్తు మాటల్లో వినబడుతుంది. మన ఎత్తును అక్షరాలు, అంకెలతో టైపు చేస్తే చాలు. వినుకొండలోని తాతయ్య హైదరాబాదులోని మనవడితో ఇలా ఆడవచ్చు.

ముందుగా అంధుల చదరంగం బల్ల మీద నేర్పండి. అందులో నల్లగళ్ళు ఉబ్బెత్తుగా ఉంటాయి, పావులు రంధ్రాల్లో గుచ్చుకుంటాయి. సమయం పరిమితి లేని ఆట ఎంచుకోండి. తప్పు ఎత్తు వేసినా మీరు చేయి పెట్టకండి.