మెత్తటి అంగిలి ముచ్చట్లు

ముక్కును రెండు వేళ్లతో గట్టిగా మూసుకుని 'సిరిసిల్ల' అనండి. ఊరి పేరు శుభ్రంగా పలుకుతుంది. కోరుట్ల, జగిత్యాల కూడా అంతే. అదే 'వేములవాడ' అనబోతే 'ము' దగ్గర గాలి బిగుసుకుంటుంది. 'మెట్‌పల్లి' అయితే మొదట్లోనే! ముందు చెప్పిన మూడు పేర్లలో ముక్కుతో పలికే అక్షరం ఒక్కటీ లేదు. 2016లో జిల్లా అయినప్పుడు సిరిసిల్లకు ముందు 'రాజన్న' చేరింది. దాంతో జిల్లా పేరుకు ముక్కుపలుకు వచ్చింది.

ఈ తేడా చూపించేది మెత్తటి అంగిలి. నాలుక కొనను పైపళ్ల వెనక నుంచి లోపలికి రాసుకుంటూ పోండి. గట్టిగా తగిలేది ఎముక, ఆ తర్వాత మెత్తబడే చోటు కండ. దాని చివర వేలాడేదే కొండనాలుక. ఈ కండ భాగాన్ని శరీరశాస్త్రంలోనూ ధ్వనిశాస్త్రంలోనూ 'వీలమ్' అంటారు, తెలుగు పుస్తకాల్లో మృదుతాలువు. అది పైకి లేస్తే ముక్కు దారి మూతపడుతుంది, దిగితే తెరుచుకుంటుంది.

'అంగిలి' అనే మాటనే నెమ్మదిగా పలికి చూడండి. 'అం' చివర నాలుక వెనక భాగం మెత్తటి అంగిలికి ఆనుకుంటుంది, గాలి ముక్కులోంచి పోతుంది. 'గి' కోసం నాలుక కదలక్కర్లేదు. అంగిలి లేచి ముక్కు దారి మూస్తే చాలు, సున్న కాస్తా గకారమవుతుంది. రెప్పపాటు కూడా పట్టని ఈ పనిని రోజంతా చేస్తూనే ఉంటాం.

జలుబు చేసిన పిల్లల 'అమ్మ' 'అబ్బ'లా వినిపిస్తుంది. అందులో అంగిలి తప్పేమీ లేదు, అది దారి తెరిచినా ముక్కే మూసుకుపోయింది.

క, గలను మన వ్యాకరణాలు కంఠ్యాలన్నాయి. నాలుక తగిలేది మాత్రం కంఠానికి కాదు, ఈ మెత్తటి అంగిలికే.

ఇంతకంటే లోపల పుట్టే అక్షరమూ ఒకటుంది. జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో ఉన్న 18వ శతాబ్దపు కోటను అందరూ ఖిల్లా అంటారు. ఆ మాటకు మూలం అరబ్బీ. అక్కడ దాని మొదటి అక్షరం కొండనాలుక దగ్గర పుడుతుంది. దక్కనీ ఉర్దూలో అది గరగరలాడే 'ఖ' అయింది, తెలుగు నోట మామూలు క, ఖల్లో కలిసింది. అదే అక్షరం గల్ఫ్ అరబ్బుల మాటల్లో తరచుగా 'గ' అవుతుంది. గ్రంథాల అరబ్బీలో కాఫీ 'కహ్వా' అయితే, అక్కడి వీధుల్లో 'గహ్వా'. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల నుంచి బతుకుదెరువుకు గల్ఫ్ పోయినవాళ్లకు అది చెవినపడ్డ మాటే.

విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తే గుటక వేయమంటారు. గుటక వేసేటప్పుడు మెత్తటి అంగిలిని బిగించే కండరమే నడిచెవిని గొంతుతో కలిపే గొట్టాన్ని కూడా తెరుస్తుంది.

పసిబిడ్డకు మాటిమాటికీ ముక్కులోంచి పాలు వస్తుంటే నోటి లోపలి భాగాన్ని డాక్టరుకు చూపించాలి. పెదవి బాగానే ఉండి, అంగిలి మాత్రమే చీలి పుట్టే పిల్లలుంటారు. అది పైకి కనబడదు. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు, తల్లి తప్పు అసలే లేదు. చీలిక ఉంటే గాలి ముక్కులోకి జారిపోయి ప, బ, క, గలు సరిగా పలకవు. ఏడాదికి అటూ ఇటూ ఆపరేషన్ చేయిస్తే, మాటలు వచ్చే వేళకు అవి నోటినిండా పలికే వీలుంటుంది.