దవడ పంటి మీద పలుచని పింగాణీ: బలం ఎక్కడుంది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో స్తంభాల వెంట వెళ్తే పళ్ల డాక్టర్ల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. ఈ మధ్య చాలా బోర్డుల మీద 'వెనీర్లు' అనే మాట ఉంటోంది. ముందు పళ్ల అందం కోసం అతికించే పలుచని సిరామిక్ పొరను వెనీర్ అంటారు. ఇప్పుడు దాన్ని నమిలే దవడ పళ్ల మీద కూడా అతికిస్తున్నారు. మిల్లీమీటరు మందం కూడా ఉండని పింగాణీ నమిలే బరువుకు ఆగుతుందా? మన సంస్థకు సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల్లో పళ్ల వైద్యానివి కూడా ఉంటాయి. అందుకే దాతలకు ఈ సంగతి చెప్పాలనిపించింది. నేను వైద్యుణ్ణి కాను, బడి పంతులిని. నా పంటికే అవసరం వచ్చినప్పుడు అడిగీ చదివీ తెలుసుకున్నది రాస్తున్నాను.

నాకు నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉంది. ఇంట్లోవాళ్లు చెబితేగాని నాకు తెలియలేదు. యాభై దాటేసరికి కింది దవడ పన్ను ఒకటి పైభాగమంతా చదునుగా అరిగిపోయింది. చల్లని నీళ్లు తగిలితే జివ్వుమనేది. ఒక డాక్టరు పంటిని చుట్టూ అరగదీసి క్యాప్ వేయాలన్నారు. మరొక డాక్టరమ్మ పైన మాత్రం పలుచని వెనీర్ అతికిస్తే సరిపోతుందన్నారు.

క్యాప్ వేయాలంటే పంటిని అన్ని వైపులా చెక్కాలి. బయటికి కనిపించే పన్నులో సగానికి మించి పోతుంది. అందులో ముందుగా పోయేది ఎనామిల్. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే. దవడ పంటి మొనల దగ్గర కూడా దాని మందం సుమారు 2.5 మి.మీ. మాత్రమే. పోయిన ఎనామిల్ మళ్లీ రాదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను పైకి వచ్చేసరికే నశించిపోతాయి.

ఇక వెనీర్ బలం సంగతి. తరగతిలో అయితే నేను టైలు ఉదాహరణ చెబుతాను. విడి టైలును రెండు ఇటుకల మీద పెట్టి ఎక్కితే విరుగుతుంది. అదే టైలును సిమెంటులో ఖాళీ లేకుండా కూర్చోబెడితే బీరువా పెట్టినా ఏమీ కాదు. కింద డొల్ల మిగిలితే మాత్రం అక్కడే పగులుతుంది. అందుకే మేస్త్రీ తట్టి, శబ్దం విని చూస్తాడు. వెనీర్ కూడా అంతే. దాని బలంలో చాలా భాగం కింద ఉన్న పంటిది, ఆ రెంటినీ కలిపే అతుకుది.

ఈ అతుకుకు 1955లో పునాది పడింది. ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుద్ధి చేస్తే రెజిన్ దాన్ని గట్టిగా పట్టుకుంటుందని అమెరికాకు చెందిన మైకేల్ బ్యూనొకోర్ అప్పుడు చూపించారు. ఆమ్లం ఎనామిల్ మీద కంటికి కనిపించనంత చిన్న గుంటలు చేస్తుంది. రెజిన్ వాటిలోకి దిగి గట్టిపడుతుంది. సిరామిక్ లోపలి వైపును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేసి, సైలేన్ అనే పూత పూస్తారు. ఎనామిల్ కింద ఉండే డెంటిన్‌లో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ పట్టు అంత నమ్మకంగా ఉండదు.

పదార్థాల్లోనూ తేడాలున్నాయి. వంచినప్పుడు విరగకుండా ఆగే బలం పాతకాలపు పింగాణీకి సుమారు 100 మెగాపాస్కల్స్. ఇప్పుడు ఎక్కువగా వాడే లిథియం డైసిలికేట్‌కు అది 360కి పైనే. సూదుల్లాంటి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని, పగులును ముందుకు పోనివ్వవు. జిర్కోనియా బలం ఇంకా ఎక్కువ. కానీ అందులో గాజు ఉండదు కనుక ఆ ఆమ్లం దాని మీద పనిచేయదు, అతికించడానికి వేరే పద్ధతి కావాలి.

2011లో ష్లిక్టింగ్, మాన్యే తదితరులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. తీసేసిన దవడ పళ్ల మీద, బాగా అరిగిన స్థితిని కల్పించి, 0.6 మి.మీ. వెనీర్లు అతికించారు. యంత్రంతో బరువు పెంచుతూ 1,85,000 సార్ల దాకా నొక్కించారు. లిథియం డైసిలికేట్ సగటున 800 న్యూటన్ల దగ్గర, అంటే సుమారు 80 కిలోల బరువు దగ్గర, దెబ్బతింది. అన్నం, రొట్టె నమిలేటప్పుడు అంత బరువు పడదు. అయితే చివరిదాకా నిలిచినవన్నీ కాంపోజిట్ రెజిన్ వెనీర్లే. అది సిరామిక్ కన్నా త్వరగా అరుగుతుంది, నిజమే. కానీ ఖరీదైనదే గట్టిదని అనుకోనక్కరలేదు.

కాబట్టి పళ్ల దరఖాస్తు వచ్చినప్పుడు మూడు సంగతులు అడగాలి. ఎనామిల్ ఎంత మిగిలింది? పళ్లు కొరికే అలవాటు, వక్క నమిలే అలవాటు ఉన్నాయా? అతికించేటప్పుడు పంటికి తడి తగలకుండా రబ్బరు తెర కడతారా? రూట్ కెనాల్ అయి, గోడలు విరిగిపోయిన పంటికి క్యాప్ వేయడమే మేలు కావచ్చు. సందేహం ఉంటే రెండో అభిప్రాయానికి మన దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లోనే పాణినీయ దంత వైద్య కళాశాల ఉంది, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

నేను వెనీరే వేయించుకున్నాను. రెండేళ్లు దాటింది. రాత్రి పడుకునేటప్పుడు నైట్ గార్డు పెట్టుకోకపోతే అది నిలుస్తుందన్న హామీ ఇవ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఒక్క రాత్రి కూడా మానలేదు.

చివరిగా దాతలకు ఒక మనవి. పిల్లలకు ఆరేళ్ల వయసులో మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకే చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు, అది పుచ్చిపోతుంది. అదే ఆమ్లం పద్ధతితో దాని గాడుల్లో సీలెంట్ పోయించవచ్చు. చెక్కడం ఉండదు, నొప్పి ఉండదు, ఖర్చూ తక్కువే. వచ్చే సంవత్సరం మన సహాయంలో కొంత భాగం ఒకటి, రెండు తరగతుల పిల్లల దంత పరీక్షకు, సీలెంట్‌కు కేటాయిస్తే బాగుంటుంది. ఉన్న ఎనామిల్‌ను కాపాడితే రేపు వాళ్లకు క్యాప్ కోసం, వెనీర్ కోసం దరఖాస్తు పెట్టుకునే అవసరం తగ్గుతుంది.