బెలుం గుహలు - సున్నపు తేట పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడగగానే నాకు బెలుం గుహలు గుర్తొచ్చాయి. 2016లో నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన హాస్టల్ నుంచి అక్కడికి విహారయాత్రకు వెళ్ళాం. ఆ రోజు నేనొక తప్పు చేశాను. అది చెప్పే ముందు గుహల సంగతి చెబుతాను.

బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. గుహలంటే కొండలో ఉంటాయనుకుంటాం. ఇక్కడ మాత్రం చదును నేలలో మూడు గోతులు కనిపిస్తాయి. నడిమి గోతిలోంచి బావిలోకి దిగినట్లు మెట్లు దిగాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. 1982-83లో ఒక జర్మన్ బృందం లోపలికి వెళ్ళి పరిశీలించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. ఒకప్పుడు ఈ గోతుల్లో చెత్త పోసేవారు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ శుభ్రం చేయించి, దారులు, దీపాలు వేయించాక 2002లో ప్రజలకు తెరిచారు. మనం చూడగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్కపోతగా ఉంటుంది. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్ల లోతున ఉంది.

ఇంత పెద్ద గుహను ఎవరు తవ్వారు? వాన నీరే. ఇది మీ పుస్తకంలోనే ఉంది. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపే కాల్షియం కార్బోనేట్, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థం. ఆపకుండా ఊదుతూ ఉంటే తెలుపు పోయి నీరు మళ్ళీ తేటపడుతుంది. కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువై అది కాల్షియం బైకార్బోనేట్‌గా మారి నీటిలో కరిగిపోతుంది. వాన నీరు కూడా గాలిలోంచి, మట్టిలోంచి ఈ వాయువును కలుపుకొని రాతి పగుళ్ళలో దిగుతుంది. రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. లక్షల ఏళ్ళకు పగులు దారి అవుతుంది, దారి గుహ అవుతుంది.

ఆ నీరే గుహ కప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు అందులోని వాయువు బయటికి పోతుంది. కరిగిన సున్నం మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, కింద నుంచి లేచేవి స్టాలగ్మైట్లు. కోటిలింగాల దగ్గర మీరు చూసేవి ఇలా ఏర్పడినవే. ఇవి సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతాయి. అంటే అంగుళానికి రెండు వందల ఏళ్ళ పైమాటే. నీరు ఆగిపోతే అదీ ఉండదు. మన చేతి జిడ్డు అంటినా చాలు, అక్కడ సున్నం సరిగా పట్టదు.

నేను చేసిన తప్పు ఇదే. ఎవరూ చూడకుండా చేతికందిన ఒక కొన విరిచి జేబులో వేసుకున్నాను. సెలవుల్లో ఇంటికి పోయి గొప్పగా మా నాన్నకు చూపించాను. మా నాన్న నాపరాళ్ళ గనిలో కూలీ. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేము కూలికి పగలగొడతాము. నువ్వు దేనికి పగలగొట్టినావురా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఎమ్మెస్సీలో భూగర్భ శాస్త్రం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదట. నాపరాయి కూడా సున్నపురాయే అని చదివినప్పుడు నాన్న మాట మళ్ళీ వినిపించింది. బడికి పోని మా నాన్నకు ఆ రసాయన చర్య తెలియదు. కానీ రాయి విలువ తెలుసు. ఆ ముక్క ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. దాన్ని తిరిగి అతికించే చదువు ఏ యూనివర్సిటీలోనూ లేదు.

తమ్ముళ్ళూ, ఈసారి మీరు బెలుం వెళితే కళ్ళారా చూడండి, చేతులు మాత్రం వెనక్కి కట్టుకోండి. వెళ్ళలేనివాళ్ళు బాధపడవద్దు. రాత్రి మన హాస్టల్లో చాప పరిచేటప్పుడు కింద బండను ఒకసారి తడిమి చూడండి. అది నాపరాయే. దాన్ని ఎంత తడిమినా ఫరవాలేదు.

- మీ పూర్వ విద్యార్థి