కె.ఆర్. వెనక మనిషి

విజయవాడ వన్ టౌన్‌లో ఏ డీటీపీ షాపులోనైనా కాసేపు కూర్చోండి. పెళ్లి బయోడేటా కొట్టించుకోవడానికి వచ్చిన కుర్రాడు గోత్రం, నక్షత్రం, చదువు, జీతం గడగడా చెప్పేస్తాడు. "నీ గురించి రెండు ముక్కలు రాయమంటావా?" అంటే మాత్రం పక్కనున్న నాన్న మొహం చూస్తాడు.

చెప్పడానికేమీ లేక కాదు. అడిగేవాళ్లు తమ అవసరానికి తగ్గ గళ్లు ముందే గీసి పెట్టుకుంటారు. ఇంటర్వ్యూకి ఒక గడి, సంబంధానికి ఇంకో గడి. మంచాన పడ్డ తల్లికి ఏళ్ల తరబడి చేసినవాడి శ్రమకు రెండింట్లోనూ చోటుండదు. మనం నిజంగా బతికిందేదో అది బయటే మిగిలిపోతుంది. అందుకే ఉన్నదున్నట్టు చెప్పినా అబద్ధమాడినట్టుంటుంది.

పైగా సొంత డబ్బా తప్పని మన పెంపకం. భారతంలో కర్ణపర్వం గుర్తుందా? గాండీవం మరొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. తీరా ఆ మాటన్నది ధర్మరాజు! పెద్దవాణ్ణి తూలనాడితే చంపినట్టేనని కృష్ణుడు దారి చూపించాడు. అన్నను అన్ని మాటలూ అనేశాక అర్జునుడు సిగ్గుతో కత్తి తనమీదికే తిప్పుకోబోయాడు. అప్పుడు కృష్ణుడన్నాడు: నిన్ను నువ్వు పొగుడుకో, అదీ ఆత్మహత్యే. ఇంతటి శిక్షను మనం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నగా పెట్టుకున్నాం.

మన గురించి మనం చెప్పుకోకపోయినా జనం చెప్పుకుంటారు. ఊళ్లో సిటీ బస్సు బోర్డు మీద 'కె.ఆర్. మార్కెట్' చూడండి. అయ్యదేవర కాళేశ్వరరావు (1882-1962) జీవితానికి జనం చెప్పుకున్న సారాంశం ఆ రెండక్షరాలు. స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లకు వెళ్లాడు, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరయ్యాడు. మార్కెట్లో బేరమాడేవాళ్లలో ఎందరికి తెలుసు? తెలియకపోతే తప్పూ లేదు, పేరు నోట్లో నలుగుతూనే ఉంది. ఆయన తన కథ తానే రాసుకున్నప్పుడు 'నవ్యాంధ్రము' అని ముందు పెట్టి, 'నా జీవిత కథ' అని తర్వాత చేర్చాడు. నా దృష్టిలో అది తెలివైన పద్ధతి. శ్రీశ్రీ అయితే తన కథ 'అనంతం'ను ఏకంగా నవల అనేశాడు.

మీరూ 'నేను'ను కాస్త వెనక్కి నెట్టి చూడండి. "కష్టపడే మనస్తత్వం, నిజాయతీ" లాంటి మాటలు ఎవరైనా చెబుతారు, ఎవరూ వినరు. "వస్త్రలత బట్టల మార్కెట్లో చీరల హోల్‌సేలండీ, శ్రావణమాసం వస్తే ఇంట్లో భోజనం చేసే తీరికుండదు" అనండి. ఎదుటివాళ్లు ఇంకో ప్రశ్న అడుగుతారు.