లినక్స్‌లో ఒక్క ప్యాకేజీ వెనక్కి వెళ్తే

అప్‌డేట్ పూర్తయ్యాక ఏదో ఒకటి మొరాయిస్తుంది. ప్రింటర్ పలకదు, లేదంటే రోజూ వాడే పాత అప్లికేషన్ తెరుచుకోదు. నిన్నటిదాకా బాగానే నడిచింది కదా, నిన్నటి వెర్షన్‌నే మళ్లీ పెట్టుకుందాం అనిపించడం సహజం. ఏదో ఆటకో, బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌కో ఆ పని చేస్తే పెద్దగా నష్టం ఉండదు. లినక్స్ మొత్తానికి ఆధారంగా నిలిచే ప్యాకేజీలకు మాత్రం ఈ తర్కం వర్తించదు. అలాంటి ఒక్క ప్యాకేజీని వెనక్కి మారిస్తే కంప్యూటర్ నిన్నటి స్థితికి వెళ్లదు. నిన్నటి ముక్క ఒకటి, నేటి ముక్కలు కొన్ని వందలు కలిసిన కలగాపులగం తయారవుతుంది. ఆ కలయికను ఎవరూ, ఎక్కడా పరీక్షించి ఉండరు.

అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ జీలిబ్‌సీ. ఫైలు తెరవాలన్నా, మెమరీ కావాలన్నా, నెట్‌వర్క్‌లో ఒక చిరునామా వెతకాలన్నా ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటి డిస్ట్రిబ్యూషన్లలోని దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఈ లైబ్రరీనే ఆశ్రయిస్తుంది. దీన్ని తయారుచేసేవారు దశాబ్దాలుగా ఒక మాట నిలబెట్టుకుంటూ వస్తున్నారు: పాత లైబ్రరీ కోసం తయారైన ప్రోగ్రామ్ కొత్త లైబ్రరీ మీద కూడా నడవాలి. అందుకే లైబ్రరీలోని ప్రతి ఫంక్షన్‌కూ అది ఏ వెర్షన్‌లో వచ్చిందో తెలిపే ముద్ర ఉంటుంది. ఫంక్షన్ తీరు మారినా పాత ముద్రతో ఉన్న రూపాన్ని తీసేయరు. పాత పాఠాలన్నీ ఉంచి కొత్తవి చేర్చుకుంటూ పోయే పాఠ్యపుస్తకం లాంటిది ఇది. కొత్త ముద్రణ చేతిలో ఉంటే పాత ప్రశ్నపత్రానికీ జవాబు రాయొచ్చు. పాత ముద్రణతో కొత్త ప్రశ్నపత్రం ముందు కూర్చుంటే అడిగిన పాఠమే పుస్తకంలో ఉండదు. మాట ఇచ్చింది ఒక్క దిశలోనే. డౌన్‌గ్రేడ్ చేసేవారు రెండో దిశలో కూడా అదే భరోసా ఉందనుకుంటారు.

2021 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.34 దగ్గర ఈ తేడా బాగా కనిపిస్తుంది. అప్పటివరకు విడిగా ఉన్న థ్రెడ్ల లైబ్రరీని ఆ వెర్షన్‌లో ప్రధాన లైబ్రరీలో కలిపేశారు. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫంక్షన్‌కు కూడా కొత్త ముద్ర వేశారు. ప్రతి ప్రోగ్రామూ మొదలు కావాల్సిందే కనుక, 2.34 మీద లేదా ఆ తర్వాతి వెర్షన్ మీద తయారైనవి అంతకుముందరి లైబ్రరీ కనబడితే మొదటి అడుగులోనే ఆగిపోతాయి. డెబియన్ 11లో ఉన్నది 2.31, డెబియన్ 12లో ఉన్నది 2.36. డెబియన్ 12 నడుస్తున్న యంత్రంలో డెబియన్ 11 నాటి జీలిబ్‌సీని బలవంతంగా పెడితే ఫైళ్ల జాబితా చూపే ఆదేశం పనిచేయదు, కాపీ చేసేది పనిచేయదు. తప్పు దిద్దుకుందామంటే ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామే తెరుచుకోదు. అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్ మాత్రం బతికే ఉంటుంది, ఎందుకంటే అది కొత్త లైబ్రరీని ముందే మెమరీలోకి తెచ్చుకుంది. అది చూసి అంతా బాగానే ఉందనుకుని రీస్టార్ట్ చేస్తే, వ్యవస్థను లేపాల్సిన మొట్టమొదటి ప్రోగ్రామే కూలిపోతుంది, దాంతో కెర్నల్ చేతులెత్తేస్తుంది.

ఇది జరగకుండా ప్యాకేజీ మేనేజర్ అడ్డుపడుతుంది. ఆధారాలు (డిపెండెన్సీలు) తప్పుతున్నాయని చెబుతుంది, లేదా ఈ మార్పు కావాలంటే వందల ప్యాకేజీలు తొలగించాలంటూ పొడవైన జాబితా చూపుతుంది. ఆ జాబితా చాదస్తం కాదు, జరగబోయే నష్టానికి ముందస్తు లెక్క. డిపెండెన్సీలను పట్టించుకోవద్దనే ఆప్షన్ జోడించి ముందుకు పోయేవారు ఆ లెక్కను చదవకుండా చించేస్తున్నారు.

లైబ్రరీ సమస్యను ఎలాగో దాటినా డేటా సమస్య మిగులుతుంది. కొత్త వెర్షన్ తన ఫైళ్లను కొత్త పద్ధతిలోకి మార్చుకుంటుంది. తర్వాతి కాలంలో ఏం మారుతుందో పాత వెర్షన్ రాసినవారికి తెలిసే అవకాశం లేదు. ఆర్‌పీఎం అనే ప్యాకేజీ మేనేజర్ 4.16వ వెర్షన్‌తో వచ్చిన ఫెడోరా 33, ఇన్‌స్టాలైన ప్యాకేజీల చిట్టాను బర్కిలీ డీబీ డేటాబేస్ నుంచి ఎస్‌క్యూలైట్‌లోకి మార్చింది. అంతకుముందరి ఆర్‌పీఎంకు ఆ చిట్టాను చదవడం రాదు. ఇదే చిక్కును గుర్తించి ఫైర్‌ఫాక్స్ 2019లో 67వ వెర్షన్ నుంచి, కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్‌తో తెరవబోతే అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఒక బ్రౌజరే ఇంత జాగ్రత్త పడుతోంది.

వెనక్కి వెళ్లొద్దన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది: డిస్ట్రిబ్యూషన్లు కూడా అవసరమైతే వెనక్కి వెళ్లాయి కదా? నిజమే. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతుండటం అతనికి దొరికిన ఆచూకీల్లో ఒకటి. ఆ పరిస్థితిలో పాత కోడ్‌కు వెళ్లడం తప్ప మార్గం లేదు. అయితే డెబియన్ ఆ పని చేసిన తీరు చూడాలి. 5.4.5 కోడ్‌ను తీసుకుని, దానికి ‘5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5’ అనే వెర్షన్ పేరు పెట్టి, ఆ వెర్షన్లు అందుకున్నవారందరికీ మామూలు అప్‌డేట్‌గా పంపింది. కోడ్ వెనక్కి పోయినా వెర్షన్ సంఖ్య ముందుకే నడిచింది. డెబియన్ భద్రతా బృందమే ఆ మార్పు చేసింది, వారందరికీ ఒకే ఫలితం అందింది. ఎక్కడో దొరికిన పాత ఫైలును ఒంటరిగా బలవంతపెట్టడానికీ దీనికీ పోలిక లేదు.

పాతదే నమ్మకమైనదన్న మాట కూడా వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. 2023 అక్టోబరులో బయటపడిన ‘లూనీ ట్యూనబుల్స్’ లోపం జీలిబ్‌సీలోకి 2.34తోనే వచ్చింది, అంతకుముందరి వెర్షన్లలో అది లేదు. కానీ 2015 జనవరిలో వెల్లడైన ‘ఘోస్ట్’ లోపం 2000 నాటి 2.2 నుంచి 2.17 దాకా ఉండిపోయింది. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే పాత వెర్షన్‌లో తర్వాతి భద్రతా సవరణలు కలిపి ఉంటాయి. ఏదో ఆర్కైవ్ నుంచి తెచ్చుకున్న పాత ఫైలులో అవి ఉండకపోవచ్చు. నంబరు చూసి భద్రతను అంచనా వేయలేం.

మరి అప్‌డేట్ చెడగొట్టినప్పుడు దారేది? సమస్య కెర్నల్‌దైతే అదృష్టమే. చాలా డిస్ట్రిబ్యూషన్లు పాత కెర్నల్‌ను పక్కనే ఉంచుతాయి, బూట్ మెనూలో దాన్ని ఎంచుకుంటే చాలు. పాత అప్లికేషన్ ఒక్కటే కావాలంటే, దాని కాలపు లైబ్రరీలతో సహా కంటైనర్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో నడపొచ్చు, అసలు వ్యవస్థ జోలికి పోనక్కర్లేదు. వెనక్కి వెళ్లక తప్పకపోతే మొత్తంగా వెళ్లాలి: ఓపెన్‌సూసేలో స్నాపర్ తీసిన స్నాప్‌షాట్‌కు గానీ, ఫెడోరా సిల్వర్‌బ్లూలో ముందరి రూపానికి గానీ, నిక్స్‌ఓఎస్‌లో ముందరి జనరేషన్‌కు గానీ. అక్కడ లైబ్రరీ, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు కలిసే కదులుతాయి. అప్పుడు కూడా సొంత ఫైళ్లకు విడిగా బ్యాకప్ ఉండాలి, ఎందుకంటే హోమ్ ఫోల్డర్ సాధారణంగా స్నాప్‌షాట్‌తో పాటు వెనక్కి పోదు, పోకూడదు కూడా.

ఇప్పటికే జీలిబ్‌సీని వెనక్కి మార్చేసి ఉంటే, తెరిచి ఉన్న రూట్ టెర్మినల్‌ను మూయొద్దు, రీస్టార్ట్ చేయొద్దు. కొత్త లైబ్రరీ ఫైలు డిస్క్ మీద ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడి నుంచే సరిచేసే అవకాశం ఉంది. లేదంటే మరో కంప్యూటర్‌లో అదే డిస్ట్రిబ్యూషన్ లైవ్ యూఎస్‌బీ తయారుచేసి, దానితో బూట్ చేసి, హార్డ్‌డిస్క్‌ను మౌంట్ చేసి, సరైన వెర్షన్ ప్యాకేజీని దాని మీదికి తిరిగి ఇన్‌స్టాల్ చేయాలి.